రెండు చెవుల గుర్తు

సత్తమ్మ వాగులో బట్టలు జాడించి వెనక్కి తిరిగింది. ఆరిన బట్టల దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

కుడిచేయి పడిపోయి ఒళ్లో ఉంది. ఎడమచేత్తో బట్టలు వేరు చేస్తున్నాడు.

"ఏయ్ ముసలోడా! ఎవలు నువ్వు? గా బట్టల మీద చెయ్యేస్తవేంది?"

ఆయన పక్షవాతంతో వంకరపోయిన నోరు తెరిచాడు. మాట రాలేదు.

సత్తమ్మ కుప్పలు చూసింది. చేప గుర్తువి ఒకచోట, నిచ్చెన గుర్తువి ఒకచోట, నాగలి గుర్తువి ఒకచోట. ఒక్కటీ తప్పలేదు.

ఊళ్లో ఇరవై మూడు ఇండ్లకు ఇరవై మూడు గుర్తులు. ఉతికినా పోని జీడిరసంతో బట్ట మూలన పెడతారు. సత్తమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఐలవ్వ వాటిని ఆమె అరచేతిలో వేలితో గీసి నేర్పింది. ఐలవ్వకు అప్పటికే చూపు లేదు.

ఐలవ్వ పెనిమిటి మొండయ్య భీమండి బట్టల మిల్లుకు పోయి ఇరవై రెండేండ్లయింది. రోజూ పొద్దుగూకే వేళ రైలు కూత వినబడగానే ఐలవ్వ అంటుంది:

"బిడ్డా, ఒక దోసెడు బియ్యం ఎక్కువ పొయ్యి. మీ మామ దిగుతడు."

పోయిన నెల ఈ రేవులోనే దేవకి దొరసాని చీర పోయింది. ఇంకొక్క బట్ట పోతే ఊరు వేరే చాకలిని పెట్టుకుంటుంది.

"గుర్తులన్నీ ఎరుకైనట్టున్నయి. దొరసాని చీర ఎత్కపోయింది నువ్వేనా?"

ఆయన కాదన్నట్టు తల ఊపాడు. పక్కనున్న జీడిపుల్ల అందుకుని బండ మీద గీశాడు. ఒక సున్న. దాని మీద రెండు పొడుగు చెవులు.

గీతను చూపాడు. సత్తమ్మను చూపాడు.

"గాడిదనా? నన్ను గాడిదంటవా? నోరు లేకున్నా నీకెంత పొగరు! లే, నడువ్!"

తడిబట్ట ఎత్తింది. ఆయన లేచాడు. రెండుసార్లు వెనక్కి చూసి, రైలు గేటు దారి పట్టాడు.

మూడోనాడు పంచాయతీ జవాను హనుమండ్లు వాకిట్లోకి వచ్చాడు.

"గేటు కాడ ఒక ముసలోడు సచ్చిండక్కా. మూగోడు. ఎవలోళ్లో తెల్వలే. నిన్న పంచనామా జేసి పూడ్చినం."

అతను పోయాక సత్తమ్మ గడపలో కూలబడింది.

"ఏమైంది బిడ్డా?" అంది ఐలవ్వ.

"గేటు కాడ సచ్చినోడు నేను ఎల్లగొట్టినోడే అత్తా. రేవు కాడ నన్ను గాడిదని గీసిండు. కోపమొచ్చింది."

"ఎట్ల గీసిండు?"

సత్తమ్మ అత్త అరచేతిలో గీసింది. సున్న. ఒక చెవి. రెండో చెవి.

ఐలవ్వ పిడికిలి మూసింది. చాలాసేపు తెరవలేదు.

"నా లగ్గం చీర కొంగుకు ఉండె గీ గుర్తు. చాకలోళ్ల బట్టకు గుర్తెందుకని నేను నవ్విన. మన ఇంటికి గాడిద చెవులే గుర్తన్నడు మీ మామ. మా ఇద్దరికే ఎరుక."

ఊరి అవతల రైలు కూసింది.

"ఇయ్యాల్టి సంది," అంది ఐలవ్వ, "గా దోసెడు బియ్యం పొయ్యకు బిడ్డా."