పాత సైటు

'మీ దేశంలో ఈ యాప్ అందుబాటులో లేదు' అని ఫోన్ మూడోసారి కూడా తెగేసి చెప్పింది.

"ఏ దేశమే నాది?" అని గీతిక ఫోన్ మీదే అరిచింది.

పట్టాల మీద చెట్టు పడిందని, బ్యోబ్లింగెన్‌లో తను ఎక్కిన రైలు ఈ పేరు తెలియని చిన్న స్టేషన్లో అందర్నీ దింపేసి వెనక్కి వెళ్ళిపోయింది. దిగినవాళ్ళు ఫోన్లు చూసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. బోర్డు మీద మాత్రం ఒకటే వాక్యం తిరుగుతోంది: రైలుకు బదులు నడిచే బస్సుల వివరాలకు యాప్ చూడండి.

యాప్ దిగితే కదా! జర్మనీకొచ్చి మూడేళ్ళైనా, ఇక్కడి మనవాళ్ళు చాలామందిలాగే గీతిక ఫోన్‌లోని యాప్ స్టోర్ ఇంకా ఇండియాలోనే కాపురం ఉంటోంది. దేశం మారిస్తే అక్కడి బ్యాంకు యాప్ ఎగిరిపోతుందని ఎవరో భయపెట్టారు. ఇప్పుడు మారుద్దామంటే రెండు రోజులు పడుతుందట. ఆమె చేతిలో ఉన్నది యాభై నిమిషాలు.

పది గంటలకు స్టుట్‌గార్ట్‌లో ఇంటర్వ్యూ. అదీ ఎక్కడ? ఆ యాప్ తయారుచేసిన ప్రయాణ సమాచార సంస్థలోనే. పాత ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోమని వీసా ఆఫీసు ఇచ్చిన గడువు శుక్రవారంతో సరి. ఈరోజు బుధవారం. ఇది తప్పితే చేతిలో ఇంకో ఇంటర్వ్యూ లేదు. ఇక పెట్టె సర్దుకోవడమే.

టాక్సీకి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. ఆ సంస్థకు చేస్తే రికార్డు చేసిన గొంతు పలికి, ఏ అంకె నొక్కినా మళ్ళీ మొదటికే వచ్చింది.

"దేవుడా, ఇప్పుడేం చెయ్యాలె!" అని ఏడుపు గొంతుతో పైకే అనేసింది.

"ఏమ్మాయ్, తెలుగమ్మాయివా?"

బెంచీ మీద గొడుగు పట్టుకుని కూర్చున్న పెద్దావిడ. పేరు శ్యామలాదేవి. యాభై ఏళ్ళ కిందట డాక్టరుగా వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. గీతిక గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"నా ఫోన్‌లోనూ అది దిగదులే. ఇదీ నాలాగే ముసలిది, ఏమాత్రం బరువు వేసినా ఆయాసపడుతుంది" అని ఆవిడ బ్యాగులోంచి గీతలు పడ్డ ఫోన్ తీసింది. "అయినా యాప్ ఎందుకే? వాళ్ళ పాత సైటుంది కదా!"

"సైటు తీసేసిన్రు ఆంటీ. తెరిస్తే యాప్ దింపుకోమంటోంది."

"వీధి గుమ్మం మూశారని తిరిగి పోతారటే? పెరటి గుమ్మం ఉందిగా. కిందికి, ఇంకా కిందికి జరుపు. చీమ తలకాయంత అక్షరాలతో పాత పేజీ అని ఉంటుంది చూడు. నొక్కు దాన్ని."

నొక్కింది. రంగుల్లేవు, బొమ్మల్లేవు. బస్సు నంబర్లు, టైములు, అంతే. కన్నుమూసి తెరిచేలోగా వచ్చేసింది. బడి పక్కనుంచి తొమ్మిదీ ఇరవై రెండుకి బస్సు. మధ్యలో ఒకసారి మారితే తొమ్మిదీ యాభై ఒకటికి స్టుట్‌గార్ట్‌.

"ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి! ఆ మెట్లు దిగి ఎడమకి. పరిగెత్తు!" అంది శ్యామలాదేవి.

"మరి మీరు, ఆంటీ?"

"నాకు కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు పన్నెండుకి. నా బస్సు వేరే ఉంది. ఆ పేజీ ఉన్నన్నాళ్ళూ ఒంటరిదాన్నైనా నేను ఎక్కడికైనా పోగలను. నువ్వు వెళ్ళు తల్లీ, ఆ ఉద్యోగం నీదే!"

గీతిక చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. డ్రైవరు మూసిన తలుపు మళ్ళీ తెరిచాడు. ఈ దేశంలో అలా జరగడం ఆమె చూడ్డం అదే మొదటిసారి.

నాలుగు నిమిషాలు ముందే, చిందరవందర జుట్టుతో ఇంటర్వ్యూ గదిలో కూర్చుంది. ఎదురుగా విభాగం పెద్ద కెల్లర్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరు.

"రైళ్ళు ఆగిపోయాయి కదా, ఎలా రాగలిగారు?" అని కెల్లర్ అడిగింది.

గీతిక ఏమీ దాచలేదు. ఇండియా యాప్ స్టోర్ సంగతి చెప్పింది, డాక్టరుగారి సంగతి చెప్పింది. "మీ పాత సైటు లేకపోతే నేనిక్కడ ఉండేదాన్ని కాదు. ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. నీది ఏ దేశం అని అడగదు. ఆవిడలాంటి వాళ్ళకు అదొక్కటే దిక్కు" అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"దాని వెనకున్న కోడ్ గుర్తుపట్టారా?" అని కెల్లర్ ముందుకు వంగింది.

"చూడగానే. ఐదేళ్ళు నేను రాసింది అలాంటి పాతకాలం కోడే."

కెల్లర్ లేచి చెయ్యి చాపింది. "ఉద్యోగం మీదే. కాంట్రాక్టు ఇవాళే సంతకం చేయొచ్చు."

గీతికకు కళ్ళు నిండిపోయాయి. ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

"ఆ పాత కోడ్ తెలిసినవాళ్ళు దొరక్క రెండేళ్ళుగా ఒక పని ఆగిపోయింది" అంది కెల్లర్, కాంట్రాక్టు ముందుకు జరుపుతూ. "మీ మొదటి పని అదే. ఆ సైటును పూర్తిగా మూసేయాలి. ఎన్ని రోజులు కావాలి మీకు?"

గీతిక కాంట్రాక్టు మీది తన పేరు వంక చూసి పెన్ను అందుకుంది.

"రోజులెందుకండీ, ఈ సాయంత్రానికల్లా తీసేస్తాను" అంది.