తుడిచిన పలక

తల నెరిశాక నేర్చిన అక్షరాలు. రాయడం నిదానం, ఒత్తులు తప్పుతాయి, మన్నించండి. ఒక్క మాట మాత్రం తప్పు లేకుండా రాస్తాను. అది చివర్లో వస్తుంది.

"నా పలకెందుకు తుడిచినావే!"

అవ్వ అరుపుకు మనవరాలు హరిత చేతిలోని తడిగుడ్డ జారిపోయింది.

"రేపు మార్కాపురం కాలేజీలో మాట్లాడాలవ్వా. బొమ్మ గీసి చూసుకుందామని..."

"ఇంటినిండా కాగితాలుండంగా మీ తాత రాతే దొరికిందా నీకు?"

పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చే తాత ఒక సాయంత్రం ఆ పలక మీద మూడక్షరాలు రాసి, అవ్వ వేలు పట్టి దిద్దించాడు. ఆయన పోయాక కూడా అవ్వ రోజూ వాటి మీదే బలపంతో దిద్దుకునేది. ఇప్పుడక్కడ ఉన్నది ఒక వంపు గీత.

"ఏందే ఇది, ఎద్దు మూపురమా?"

అవ్వ గొంతు కాస్త తగ్గేసరికి హరితకు ధైర్యం వచ్చింది.

"ఎక్కడో పెద్ద నక్షత్రం చచ్చిపోతా ఒక్కసారి మెరుస్తాదవ్వా. మొదట వచ్చే గామా కిరణాలు శానా గట్టివి. రానురాను బలం తగ్గతాది. ఈ మూపురం ఎడంపక్కకి, అంటే బలం తక్కువుండే దిక్కుకి, జరగతా పోతాది. తుడిచి మళ్లీ గీస్తేనే జరిగినట్టు కనపడతాది. అందుకే పలక."

"మధ్యలో మళ్లీ గట్టిపడదా? మీ తాత కోపం తగ్గిందనుకుంటే మళ్లీ అందుకునేవాడు."

"కొన్ని అట్ల కూడా చేస్తాయిలే" అని నవ్వింది హరిత.

"ఆనక పోయినట్టేనా?"

"మెరుపు పోతాది. దానెనకాలే ఎక్స్‌రేలు, మామూలు వెలుగు, ఆఖరికి రేడియో తరంగాలు వస్తానే ఉంటాయి. గామా కిరణాలొక్కటే పట్టే యంత్రంతో చూసేవాళ్లకి అయిపోయిందనిపిస్తాది."

అవ్వ మూపురాన్ని కొంగుతో తుడిచి, పలకను ఎండకు ఏటవాలుగా పట్టింది. పాత గీత ఒక్కటీ తేలలేదు. కళ్లు ఒత్తుకుంది.

"నువ్వే రాయవ్వా."

"నాకు దిద్దేదే వచ్చు. అడుగున ఆయన గీత లేకుంటే చెయ్యి పోదు."

"బలపం ఆనించి చూడు."

ఆనించింది. చెయ్యి ఆగలేదు. మొదటి అక్షరం పొడుగ్గా, చివరిది కిందికి వాలిపోతూ, మూడూ వచ్చాయి.

"అచ్చం తాత రాతే!" అంది హరిత. "ఆయన బలపం ఎప్పుడో రాలిపోయుంటాదవ్వా. నేను తుడిచింది నువ్వు దిద్దిన గీతల్నే. తాత రాత నీ చేతిలోనే ఉంది."

ఇప్పుడు పలక లేకుండానే ఆ మూడక్షరాలూ రాస్తున్నాను.

కోటమ్మ,
డెబ్బై ఒక్కేళ్లు, ఇప్పుడుండేది కొనకనమిట్ల.