రాలిన కాయలు

"ఏయ్! ఎవరు నువ్వు? గా సంచిల ఏంది?"

ప్రేమల టీచర్ కేకకు చెట్టు కింద వంగి ఉన్న ముసలామె ఉలిక్కిపడి లేచింది.

బాన్సువాడ ఊరవతలి బొటానికల్ గార్డెన్ అది. ప్రేమల తన ఐదో తరగతి పిల్లలను పొద్దున్నే బస్సులో తీసుకొచ్చింది. అన్ని చెట్లకూ పేరు రాసిన పలకలున్నాయి. ఈ చెట్టు పలక మాత్రం వానలకు వెలిసిపోయింది.

ముసలామె సంచి నిండా ఎండుకాయలు.

"పొద్దుగాల్నే దొంగతనమా?"

"దొంగతనం కాదు బిడ్డా. పిల్లలు తింటరు..."

"నీ మనుమలకు పెట్టనీకి తోటల పడి ఏరుకుంటవా?"

మనుమలు అన్న మాటకు ముసలామె చెప్పబోతున్నది ఆపేసి సంచిని గుండెకు హత్తుకుంది.

పిల్లలంతా చూస్తున్నారు. వాళ్లకు మంచి బుద్ధులు నేర్పే సమయం దొరికిందనుకుంది ప్రేమల. సంచి లాక్కుని కాయలన్నీ చెట్టు కిందే గుమ్మరించింది.

"చూసిన్రా పిల్లలూ? మనది కానిది ముట్టొద్దు."

"ఈడ పొయ్యకు బిడ్డా! నీ కాళ్లు మొక్కుత!"

ముసలామె కూలబడి మళ్లీ ఏరబోయింది. ప్రేమల డ్రిల్లు సారు హరీష్‌ను పిలిచింది. అతను ఆమె రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లాడు. చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది. పిల్లలు నవ్వారు. ప్రేమలకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ఆ చెట్టు నీడలోనే పిల్లలు టిఫిన్ డబ్బాలు విప్పారు. టీచర్లు కాస్త ఎడంగా పూలపొదల దగ్గర ఫొటోలు దిగారు.

మూడింటికి పల్లవి అనే పాప వాంతి చేసుకుంది. ఆ వెనకే ఇంకొకరు. బస్సెక్కేసరికి తొమ్మిది మంది కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు.

"ఏం తిన్నరు?" దవాఖానలో డాక్టర్ అడిగాడు.

"టీచర్ పారబోసిన కాయలు," అన్నాడొక పిల్లాడు ఏడుస్తూ. "పలగ్గొడితే పల్లీల లెక్క ఉన్నయి సార్. పల్లవి మస్తు తిన్నది."

తోటకు ఫోన్ చేశారు. వాచ్‌మన్ భోజ్యా గుప్పెడు కాయలు పట్టుకుని బైకు మీద వచ్చాడు.

"అడవి ఆముదం. విషం," అన్నాడు డాక్టర్.

ఎనిమిది మంది తేరుకున్నారు. పల్లవి కళ్లు తెరవలేదు.

ప్రేమల భోజ్యా మీద విరుచుకుపడింది.

"గసుంటి చెట్టు కింద ఊడ్వాలె గదా! మనుషులు లేరా మీకు?"

భోజ్యా తల దించుకున్నాడు.

"చెట్టు కొట్టెయ్యమంటే ఎవరూ వినలే మేడం. అంజవ్వ ఒక్కతే రోజూ వచ్చి, ఒక్క కాయ మిగలకుండ ఏరి కాలవెడ్తది. ఇయ్యాల నేను మోటర్ కాడుంటి. ఎవరో దొంగ అని గెదిమిన్రట."

"ఎవరామె?" ప్రేమల అడిగింది.

"నిరుడు గీ గింజలే తిని సచ్చిపోయిన పిలగాని నాయనమ్మ, మేడం."