సాయంత్రానికి వస్తారా?

“సాయంత్రానికి వస్తారా?”

మూడు నెలల తర్వాత భార్య తనంతట తానుగా సర్వేయరుని అడిగిన మొదటి ప్రశ్న అది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

“ఐదింటికల్లా ఇంట్లో ఉంటాను.”

“హడావిడేం లేదు. నిదానంగా రండి” అందామె.

వీధిలో స్నేహితుడు పొట్టిగాడు వ్యాను హారన్ కొట్టేసరికే అతని బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. పరుగు బూట్లకి దుమ్ము దులిపింది. ఎక్కడెక్కడో పడున్న సాక్సుల్ని కూడా వెతికి జతలు కలిపింది. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

నిజానికి ఈసారి రానని సర్వేయరు స్నేహితులకి ముందే చెప్పేశాడు. నిన్న రాత్రి ఆమే బలవంతం చేసి ఒప్పించింది.

అంతకుముందు మూడు నెలలుగా ఆ ఇంట్లో మాటలంటే “పాలు అయిపోయాయి”, “గ్యాస్ వచ్చింది”, అంతే. తప్పు తనదేనని సర్వేయరుకి తెలుసు. మామగారు పోయిన రోజున ఇతను ఇలాగే కొండల్లో సైకిలు తొక్కుతున్నాడు. ఆమె పదిహేడు సార్లు ఫోన్ చేసింది. సిగ్నల్ అందని లోయలో ఇతగాడు కేరింతలు కొడుతున్నాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పుడైనా ఆమె పక్కన కూర్చుని ఏడ్చాడా అంటే అదీ లేదు. “నేనుంటే మాత్రం ఏం చేసేవాణ్ణి?” అన్నాడు. కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగే మనిషికి ఆ మాట ఆమెకి ఎక్కడ గుచ్చుకుందో తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది.

క్షమించమని అడగాలి. ఇవాళే అడగాలి, ఆమె మనసు మళ్లీ తలుపులు వేసుకోకముందే.

పొద్దున్నే కొండ చుట్టూ ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తారు ముగ్గురూ. తర్వాత వ్యాను వెనక కట్టిన సైకిళ్లు దించి రాళ్లబాట పట్టారు. పొట్టిగాడికి ఫోటో ఫ్రేముల కొట్టుంది. మూడోవాడు పళ్ల డాక్టరు. ముగ్గురిదీ ఒకప్పుడు హాస్టల్లో ఒకే గది. పాతికేళ్లుగా ఒకరి దగ్గర ఒకరికి దాపరికం లేదు.

పదకొండింటికి సర్వేయరు హెల్మెట్ తీసేశాడు. “ఇక బయల్దేరదాంరా.”

“ఇంకొక్క రౌండు” అన్నాడు పొట్టిగాడు. ఒక్క రౌండుకే నాలుక బయటపెట్టే మనిషి!

“నీకేం తెలుసురా? మీ చెల్లెమ్మ నన్ను సాయంత్రానికి వస్తారా అని అడిగింది. తనే అడిగింది!”

పొట్టిగాడు సీసా మూత తీసి నీళ్లు తాగాడు.

“కాళ్లు పట్టుకునైనా సరే, క్షమించమంటాను. ఈ సైకిలు అమ్మేస్తాను. ఒరేయ్ పొట్టీ, మామగారి ఫోటో ఒకటి పెద్దది చేయించి నువ్వే ఫ్రేము కట్టాలి. హాల్లో, తను వచ్చే పోయే దారిలో పెడతాను.”

“కడతాలేరా” అన్నాడు పొట్టిగాడు. డాక్టరు వంగి, బిగించి ఉన్న బూటు లేసే విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

రెండో రౌండులో డాక్టరుకి మోకాలు పట్టేసింది. అరగంటలో దిగే దారికి గంటన్నర పట్టింది. భోజనం దగ్గర పొట్టిగాడు మెతుకు మెతుకూ లెక్కపెట్టుకుంటూ తిన్నాడు. తీరా రెండున్నరకి వ్యాను ఎక్కితే, ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను ఉలకదు, పలకదు.

“తోద్దాం పదండ్రా” అన్నాడు సర్వేయరు.

“ఎత్తులో ఉన్నాం. వెనక్కి జారితే ముగ్గురం లోయలో తేలతాం” అన్నాడు పొట్టిగాడు. మెకానిక్‌కి ఫోన్ చేసొస్తానంటూ సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి వెళ్లాడు. తిరిగొచ్చి, “గంటలో వస్తాడట” అన్నాడు. గంట గడిచాక మళ్లీ వెళ్లొచ్చాడు. “ఇంకో గంటట.”

సర్వేయరు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక పొట్టిగాణ్ణి చెడామడా తిట్టేశాడు. డొక్కు వ్యాను తెచ్చినందుకు తిట్టాడు. చేతకాని మెకానిక్‌ని పట్టుకున్నందుకు తిట్టాడు. నా కాపురం నిలబెట్టుకునే రోజున నన్ను తెచ్చి ఈ కొండ మీద కూలేశావురా అన్నాడు. మామూలప్పుడైతే ఒకటికి నాలుగు అప్పజెప్పే పొట్టిగాడు, తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేస్తానని మలుపు వైపు వెళ్లిపోయాడు.

నాలుగయింది. సర్వేయరు తన సైకిలు దింపాడు.

“ముప్ఫై కిలోమీటర్లు. అంతా దిగుడే. తొక్కుకుంటూ పోతాను.”

డాక్టరు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. “వెళ్లకురా. ఈ ఒక్క పూట మాతో ఉండు.”

“వదల్రా! పోయినసారి పదిహేడు సార్లు పిలిస్తే లేను. ఈసారి కూడా లేకపోతే నేను మనిషినే కాదు.”

డాక్టరు చెయ్యి వదిలేశాడు. సైకిలు కదిలాక ఆ మోకాలితోనే నాలుగడుగులు వెంట పరిగెత్తి ఆగిపోయాడు.

మలుపు దగ్గర పొట్టిగాడు అటు తిరిగి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. వాణ్ణి చూడగానే సర్వేయరుకి మనసు చివుక్కుమంది. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు? తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని ఒక మాట చెప్పి పోదామని బ్రేకు వేసి దిగాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

“సామానంతా లారీకెక్కించేశారు కదా చెల్లెమ్మా, ఇక నువ్వూ బయల్దేరిపో తల్లీ, వీణ్ని ఆపడం ఇంక నా వల్ల కావడం లేదు” అంటున్నాడు పొట్టిగాడు, ఏడుస్తూ.