సముద్రం అడుగున యువరాజు

"ఇది మనింటి కథేనే," అంది అప్పాయమ్మ.

కోడలు నాగదుర్గ చదవడం ఆపింది. మొగల్తూరులో అద్దెకు తెచ్చిన మాయలూ మంత్రాలూ ఉన్న నవల అది. అందులో యువరాజు పడవెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. మాంత్రికుడు అతన్ని సముద్రం అడుగున కోటలో బంధించాడు. ఒడ్డున భార్య గాజులు తీయకుండా ఎదురుచూస్తోంది.

నాగదుర్గ భర్త దుర్గాసాయి కూడా అలాగే చేపల వేటకి వెళ్ళాడు. తుఫాను వచ్చింది. పడవ చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. శవం దొరకనివాడి భార్యకి వాళ్ళ జాలరిపేటలో ఎవరూ గాజులు తీయరు. తీస్తే అతని తల్లే తీయాలి. ఏళ్ళు గడిచినా అప్పాయమ్మ తీయలేదు.

నాగదుర్గ ఏడవడం ఎప్పుడో మానేసింది. చేపలు ఎండబెట్టేది, తిరగేసేది, ఎత్తేది. గాజులకి ఉప్పు పడితే కడుక్కునేది.

అప్పాయమ్మ తమ్ముడు పల్లంరాజు యానాం నుంచి నాగదుర్గకి సంబంధం తెచ్చాడు. భార్య పోయినవాడట, నెమ్మదస్తుడట. వెళ్ళాలని ఉందా అని నాగదుర్గని ఎవరూ అడగలేదు. ఆ ఒడ్డున ఇంక ఉండలేనని మాత్రం ఆమెకు తెలుసు.

అప్పాయమ్మ తమ్ముడికి పుస్తకం చూపించింది.

"ఇందులో ఆ కుర్రాడు ఏమైతే మనోడూ అంతేరా. ఇది అయ్యాకే మాటిస్తాను."

పుస్తకాన్ని అడిగి పిల్లనిస్తావా అక్కా అని పల్లంరాజు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రోజూ పొద్దున్నే అప్పాయమ్మ గంపెత్తుకుని మొగల్తూరుకి చేపలమ్మడానికి వెళ్ళేది. మధ్యాహ్నం వచ్చి కాళ్ళు చాపుకుని, "ఊఁ, చదువు" అనేది. ఆమెకి అక్షరాలు రావు.

చివరి అధ్యాయం వచ్చింది. ఆఖరి పేజీకి చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. నాగదుర్గ దాన్ని గోటితో గీకేసి, ముందు తను మనసులో చదువుకుంది. యువరాజు అలలు చీల్చుకుని పైకి వచ్చాడు. గాజుల చప్పుడు విని భార్యని గుర్తుపట్టాడు.

నాగదుర్గ గొంతు మారలేదు.

"యువరాజు ఎప్పుడో పోయాడని సముద్రుడు చెప్పాడు. యువరాణి ఒడ్డు వదిలి వెళ్ళిపోయింది," అని చదివి పుస్తకం మూసేసింది.

అప్పాయమ్మ కోడలి చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. సబ్బు నీళ్ళు రాసి, ఒక్కటీ చిట్లకుండా, గాజులన్నీ తీసింది.

"తమ్ముడికి కబురు పెట్టు," అంది.

మర్నాడు నాగదుర్గ పుస్తకం తిరిగిచ్చేయడానికి వెళ్ళింది. అద్దె పుస్తకాల కొట్టు వీరబ్రహ్మం ఆమె బోసి చేతుల వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని, పుస్తకం అరలో పెడుతూ అన్నాడు.

"మొన్న మీ అత్తగారు దీన్ని చేపల గంపలో పెట్టుకొచ్చి, ఆ ఆఖరి పేజీ మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నారమ్మా."