రెండో కూత

పొగాకు కంపెనీ రెండో కూత వినపడేసరికి దేవమణి ఇంకా జగ్గయ్యపేట మొగదలే ఉంది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగు లంకించుకుంది.

నందిగామలో మొదటి బస్సే ఎక్కింది పాపం. ఏం లాభం! చిల్లకల్లు దగ్గర టైరు పేలి బస్సు కూలబడింది. అక్కణ్ణుంచి నడకే. దారిపొడుగునా ఏడుస్తూనే నడిచింది.

నందిగామ ఆస్పత్రిలో నాలుగేళ్ళ పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. రెండు రోజులుగా కళ్ళు తెరవలేదు. తండ్రికి కబురు వెళ్ళింది గానీ, పని వదిలి కదిలే వీల్లేదన్నాడట. ఆ మాటకి దేవమణి కడుపు రగిలిపోయింది. పాప దగ్గర తన తల్లిని కూర్చోబెట్టి వచ్చింది. రాక చస్తుందా? ఇప్పటికే రెండు నాగాలు. ఇవాళ మూడోది పడిందంటే కంపెనీలో పేరు కొట్టేస్తారు. ఆ కూలి పోతే పాపకి మందులు ఎక్కడివి?

గేటు మూసేశారు.

గేటు పక్కన రాయి మీద బేబి కూర్చుని ఉంది. మొన్నమొన్నటిదాకా దేవమణి పక్కన కూర్చుని ఆకు గ్రేడు చేసిన మనిషి. తల్లి చచ్చిపోయి మూడు రోజులు రాకపోతే పోయిన వారం పేరు కొట్టేశారు. మళ్ళీ పెట్టుకోకపోతారా అని రోజూ వచ్చి కూర్చుంటోంది.

“ఏడవకక్కా. నాకంటే తియ్యలేదు గానీ, నీకు తీస్తాళ్ళే,” అంది బేబి.

ఒకప్పుడు ఈ కంపెనీకి కృష్ణయ్య మేస్త్రీ. వెన్నపూస లాంటి మనిషి. ఎవరెప్పుడొచ్చినా “రామ్మా, రా” అనేవాడు. ఆ మంచితనం పుణ్యమా అని షెడ్డులో సగం మంది ఉండేవాళ్ళు కాదు. ఆకు బూజుపట్టింది. కొన్నవాళ్ళు లోడు లోడంతా తిప్పి పంపారు. ఇక కంపెనీ మూసేస్తానని యజమాని వీరరాఘవయ్యగారు తేల్చి చెప్పేశారు. నూటయాభై మంది ఆడకూలీలు లబోదిబోమన్నారు. చివరికి కృష్ణయ్యని గేటు కాపలాకి మార్చి, కూలీల్లో ఒకడైన సాంబయ్యని మేస్త్రీని చేశారు.

సాంబయ్య వచ్చీ రావటంతోనే రెండు రూల్సు పెట్టాడు. రెండో కూత తర్వాత గేటు తియ్యరు. మూడు నాగాలైతే పేరుండదు. పైగా కంపెనీలో ఉన్నంతసేపూ ఎవరైనా సరే తనని ‘మేస్త్రీగారూ’ అనే పిలవాలన్నాడు. అందరూ చాటున దుమ్మెత్తి పోశారు. నాలుగు నెలలు తిరిగేసరికి మాత్రం కంపెనీ నిలబడింది.

“మేస్త్రీగారూ!” దేవమణి ఊచలు పట్టుకుని కేకేసింది. “బస్సు చెడిపోయిందండీ! నడిచొచ్చానండీ, నా కాళ్ళు చూడండి!”

సాంబయ్య గేటు దాకా వచ్చాడు. కాళ్ళ వైపు చూడలేదు.

“పాపకెట్టా ఉంది?”

“సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు.”

సాంబయ్య తలగుడ్డ విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

కృష్ణయ్య చెయ్యి గడియ మీదే ఉంది. “తియ్యమంటావా? ఆ పసిదాని మొహం చూసైనా తియ్యమనయ్యా.”

“తీస్తే బేబికేం చెప్పను మావా? రేపు ఇంకొకరికేం చెప్పను? ఇట్టా తీసుకుంటూ పోయేగా నువ్వు కొంప మీదికి తెచ్చింది!”

బేబి దిగ్గున లేచింది. నిన్నటిదాకా సాంబయ్యని శాపనార్థాలు పెట్టిన మనిషే. “మధ్యలో నా ఊసెందుకయ్యా? నాకు జరిగిందేదో జరిగింది. నీకు దణ్ణం పెడతా, అక్కకి తియ్యి!”

షెడ్డులో ఆకు చప్పుడు ఆగిపోయింది. అందరి కళ్ళూ గేటు మీదే. డాబా మీద వీరరాఘవయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఆయన తియ్యమనలేదు, వద్దనీ అనలేదు.

“గుమస్తాగారూ, మస్టరు పట్టుకురండి,” అన్నాడు సాంబయ్య.

దేవమణి నేల మీద కూలబడింది. మేస్త్రీగారూ అనటం కూడా మర్చిపోయింది. “నీ కాళ్ళు పట్టుకుంటా! ఈ ఒక్కరోజూ! పాపకి మందులెట్టా?”

“రూలు రూలే,” అన్నాడు సాంబయ్య.

గుమస్తా కుటుంబరావు నిన్ననే కొత్తగా చేరాడు. ఇంకా ఎవరి మొహం ఎవరిదో తెలియదు. గేటు దగ్గర నిలబడి మస్టరు తిరగేశాడు.

“దేవమణులు ఇద్దరున్నారే! ఒకళ్ళ బదులు ఒకళ్ళని కొట్టేస్తే నా మెడకి చుట్టుకుంటుంది. భర్త పేరు చెప్పమ్మా, చూసి కొడతా.”

దేవమణి తల వంచుకుంది. ఆ రోజుల్లో ఏ ఆడమనిషి మొగుడి పేరు నోటితో పలికింది గనక! పీక మీద కత్తి పెట్టినా పలకదు.

“చెప్పమ్మా, పొద్దెక్కిపోతోంది,” విసుక్కున్నాడు కుటుంబరావు. కృష్ణయ్య వైపు చూశాడు. కృష్ణయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. బేబి వైపు చూశాడు. బేబి పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇదెక్కడి చోద్యమయ్యా! ఇంతమంది ఉన్నారు, ఈమె మొగుడి పేరు ఒక్కరూ చెప్పలేరా?”

“భర్త పేరు సాంబయ్య,” అన్నాడు మేస్త్రీ, “నేనే.”