మొదటి సంతకం

“మొదటి సంతకం మీదే బాబాయ్,” అంటూ సంఘం కార్యదర్శి భరణి కాగితాన్ని ఉమాపతి ముందుకు జరిపాడు.

రాజాం వర్తక సంఘం హాల్లో కుర్చీలు చాలక సగంమంది నిలబడే ఉన్నారు. పది రోజుల కిందట బట్టల కొట్టు ధనలక్ష్మిని పట్టపగలు ఇంట్లోనే గొంతు నులిమి చంపేశారు. ఆమె గొలుసు లారీ క్లీనర్ కొండబాబు దగ్గర దొరికిందని పోలీసులు అతన్ని పట్టుకున్నారు. అతనికి ఉరిశిక్ష పడేలా చూడమని కలెక్టరుకు ఇవ్వబోతున్న అర్జీ అది. సంఘం అధ్యక్షుడు ఉమాపతి.

ఆయన ఆసాంతం చదివి కాగితాన్ని వెనక్కి తోశాడు. “నేను పెట్టను.”

వేళాకోళం అనుకుని భరణి నవ్వాడు. డెబ్బై రెండేళ్ల ఉమాపతి సంగతి ఊరందరికీ తెలుసు. ఆదివారం అరసవల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తిని చూడనిదే మంచినీళ్లు ముట్టడు. బజార్లో బ్రాందీ షాపు పెట్టనివ్వలేదు. దొంగల్ని మెత్తగా చూస్తున్నారని ఎస్పీకే ఉత్తరాలు రాసిన మనిషి.

“ఏటి బాబాయ్, మానవహక్కులోళ్ల మాటలు మీరెప్పుడు నేర్సుకున్నారు?”

“ఆళ్ల మాటలు నాకక్కర్లేదు. తప్పు రుజువైతే యావజ్జీవం ఎయ్యమను, సచ్చేదాకా బయటికి రానివ్వద్దను. అది రాయి, ఇప్పుడే పెడతాను. ప్రాణం దేముడిచ్చింది. తియ్యడానికి గవర్మెంటెవరు?” ఉమాపతి గొంతు పెరిగింది. “బతికున్న నన్ను ఓటర్ల లిస్టులో సచ్చిపోయినోడి కింద రాసిన గవర్మెంటు. నా పొలం సర్వేలో పక్కోడి పేర్న ఎక్కించిన గవర్మెంటు. ఒక కాలవ తిన్నగా తవ్వడం సేతకాదు దానికి. దాని సేతికి ఉరితాడు ఇమ్మంటావేట్రా?”

“పోలీసులు ఊరికే పట్టుకోరు కదా.”

“ఆళ్ల సంగతి నాకు సెప్పకు. ఆళ్లకి కావల్సింది నిజం కాదు. మంచిపేరున్న మనిషొకడు కోర్టులో నిలబడితే సాలు.”

“అలా నిలబడింది మీరే కదా.”

వెనక వరసలోంచి ఆ మాటన్నది మురళీమోహన్. హాల్లో తలలన్నీ అటు తిరిగాయి.

ముప్ఫై రెండేళ్ల కిందట, ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మురళీమోహన్ తండ్రి గణపతిరావును రాజాంలోనే, అతని బియ్యం మిల్లు గేటు దగ్గర పొడిచి చంపారు. తను కొట్టు తీయడానికి వెళ్తుంటే, మిల్లులో బస్తాలు మోసే కలాసీ నూకయ్య గేటు దగ్గర్నుంచి పరిగెత్తడం చూశానని శ్రీకాకుళం కోర్టులో చెప్పింది ఉమాపతే. వేరే సాక్షులు లేరు. ఆయన మాట మీదే నూకయ్యకు ఉరిశిక్ష పడింది. హైకోర్టు దాన్ని యావజ్జీవానికి తగ్గించింది. విశాఖ జైల్లో పదహారేళ్లుండి నూకయ్య బయటికొచ్చాడు.

“మా నాన్న కోసం నిలబడ్డోరు, ధనలక్ష్మి కోసం నిలబడరా?” మురళీమోహన్ కళ్లు ఎర్రబడ్డాయి. “హైకోర్టు అడ్డం పడకపోతే ఆడు అప్పుడే పోయేవోడు. ఇప్పుడు శ్రీముఖలింగంలో కూకుని హాయిగా అన్నం తింతన్నాడు. అది మీకు న్యాయంగా ఉన్నాదా?”

“ఉన్నాది.” ఉమాపతి బల్ల మీద చరిచాడు. “ఆ కేసులో ఎవడైనా సేసిన మంచిపని అదొక్కటే.”

తర్వాత అన్నీ అరుపులే. ముసలాడికి మతి పోయిందని ఒకరు, కొండబాబు దగ్గర ఏం తిన్నాడని ఒకరు. దిగిపొమ్మన్నారు. ఉమాపతి అదే కాగితాన్ని తిరగేసి, రెండు ముక్కల్లో రాజీనామా రాసి, కింద సంతకం పెట్టి భరణి ఒళ్లోకి విసిరాడు. బయటికొచ్చి కారెక్కి, శ్రీముఖలింగం పోనివ్వమని డ్రైవరుతో చెప్పాడు.

పొద్దు వాలుతోంది. నూకయ్య వాకిట్లో ఆవుకి గడ్డి వేస్తున్నాడు. ఉమాపతిని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక భుజం మీది తువ్వాలుతో మంచం దులిపాడు.

“కూకోండి బాబూ.”

ఉమాపతి కూర్చోలేదు. కోపం ఇంకా దిగలేదు.

“ఒక కుర్రోడికి ఉరెయ్యాలంటన్నారు నూకయ్యా. నేనొప్పుకోలేదు.”

“మంచిపని సేసేరు.” నూకయ్య గోడకానుకుని నిలబడ్డాడు. “ఇన్నాళ్లకైనా వొచ్చేరు. నేను జైల్లో ఉండగానే మా ఆడది పోనాది. మీరంటే నాకు శానా కోపంగా ఉండేది బాబూ. లోపల కూకుని ఆలోసించుకుంతే తెలిసింది. ఆ యేళ ఎంత మంచు పట్టీసిందో నాకు గేపకమే. పక్కనున్న మనిషి అగుపడడు. ఎవుణ్నో సూసీసి నేననుకున్నారు. పొరపాటు ఎవులికైనా అవుతాది. కావాలని సెప్పీ మనిషి కాదు మీరు. అది తెలిసినకాడ్నుంచీ నాకు కోపం నేదు.”

ఉమాపతి తల వంచుకున్నాడు. పొరపాటన్న ఆ మాట తీసుకుని వెళ్లిపోవచ్చు. కారు వాకిట్లోనే ఉంది, డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. నూకయ్య లోపలున్న కోడలికి కేకేసి టీ పెట్టమంటున్నాడు.

“ఉండు,” అన్నాడు ఉమాపతి. రెండు చేతులూ జోడించాడు.

“నేనా రోజు రాజాంలోనే లేను.”